పీల్చండి, ఆపండి

షెఫీల్డ్‌లో నవంబరు. పొద్దున్న ఎనిమిదిన్నరకే
కారిడారు నిండా దగ్గులు.
ఎక్స్‌రే గదిలో రోజుకు అరవైసార్లు
నేను చెప్పే మాటలు రెండే:
పీల్చండి. ఆపండి.
మూడోది, వదలండి, చాలామంది చెప్పకుండానే చేసేస్తారు.

ఇవాళ మొదట వచ్చింది ఓలరెన్‌షా గారు.
ఎనభై ఒకటి. నలభై ఏళ్లు ఉక్కు కొలిమి ముందు నిలబడ్డ ఛాతీ.
చల్లటి పలకకి రొమ్ము ఆనించి, ఉలిక్కిపడి,
"ఆఫ్రికా పోయొచ్చావంట గదా, పిల్లా?" అన్నాడు.
నాకు యాభై నాలుగు. ఈయనకి నర్సులూ పిల్లలే, కౌన్సిలరూ పిల్లే.

గడ్డం పైకి. భుజాలు ముందుకి.
అంటూనే మొదలెట్టాను.

జింజా దగ్గర నైలు. రబ్బరు పడవలో ఎనిమిదిమందిమి,
అందరిలోకీ బరువని నన్ను ముందు కూర్చోబెట్టారు.
ఒకెల్లో అనే కుర్రాడు తెడ్డెత్తి ఏదో అరిచాడు,
ఆ అరుపు సగంలో ఉండగానే
ఆకాశం అడుక్కొచ్చింది.
చెవుల్లో రుబ్బురోలు తిరుగుతోంది, పప్పుని నేనే.
అప్పుడు నాకు నేను చెప్పుకున్నది తెలుగులో కూడా కాదు,
ఈ గదిలో వాడే ఇంగ్లిషులో:
ఆపండి, ఆపండి, కదలొద్దు.
ఎవరో మెడపట్టీ దొరకబుచ్చుకుని
పిల్లికూనని లాగినట్టు పైకి లాగారు.
ఒక చెప్పు నదికిచ్చేశాను. ఈపాటికి ఈజిప్టు చేరుంటుంది.

నవ్వకండి, ఫొటో పాడవుద్ది.
పీల్చండి. ఆపండి.
సరే. ఇప్పుడు పక్కకి తిరగండి, చేతులు తలమీద.

ఏనుగులా? చూశాను. రోడ్డు దాటేదాకా
ఇంజను ఆపుకుని అరగంట కూర్చున్నాం.
కాలవలో హిప్పోలు, బెల్టు మీద ఎవరూ తీసుకోని సూట్‌కేసుల్లా.
సింహం అత్తిచెట్టెక్కి, ఒక కాలు వేలాడేసి నిద్ర,
అచ్చం మా రాత్రి డ్యూటీ డాక్టరే.
అవన్నీ ఫోన్లో ఉన్నాయి, చూపిస్తాలెండి.

ఫోన్లో లేనిది ఒకటుంది.

బ్విండి అడవి గేటు దగ్గర
క్యోముగిష అనే రేంజరమ్మ ఒక్కొక్కరినీ అడిగింది:
రొంప ఉందా, దగ్గుందా?
డార్బీ నుంచి పెన్షను డబ్బు కూడబెట్టుకుని వచ్చిన పెద్దమనిషి
ఒక్కటంటే ఒక్క తుమ్ము తుమ్మాడు.
ఆవిడ ఆయన భుజం మీద చెయ్యేసి వెనక్కి నడిపించింది.
మన జలుబు వాటికి చావు, అంది.

మిగిలినవాళ్లం మాస్కులు కట్టుకుని
వేళ్లు పట్టుకుని, బురదని తిట్టుకుంటూ, ఐదు గంటలు ఎక్కాం.
పది మీటర్లు దూరం. ఒక గంట టైము.
వెండివీపు పెద్దాయన ఆకులు నములుతూ
మమ్మల్ని పట్టించుకోనే లేదు.
పట్టించుకుంది పిల్లది.
తల్లి వీపు మీంచి జారి, తూలుతూ,
పది మీటర్లని ఆరు చేసింది, ఆరుని మూడు.
రేంజరమ్మ వెనక్కి, వెనక్కి అని సైగ.
నా వెనక ముళ్లపొద.
మాస్కులో నా గాలి నాకే వేడిగా తగిలింది.
ఆపేశాను.

అది నా బూటు తాడు చూసింది.
రొమ్ము మీద డబ్ డబ్ అని రెండు దెబ్బలు వాయించుకుని
మూడోదానికి తూకం తప్పి వెల్లకిలా పడింది.

"ఎంతసేపు ఆపావు?"
తెలీదు.
ఇరవై రెండేళ్లుగా జనం చేత ఆపిస్తున్నాను,
అదంత పొడుగుంటుందని ఎవరూ నాకు చెప్పలేదు.

తెర మీదికి ఆయన పక్కటెముకలొచ్చాయి.
ఎడమ కింద, నేను చెప్పకూడనిది ఒకటి తెల్లగా.
ఆ మాట డాక్టరుది.
చొక్కా అందించాను.
గుండీలు పెట్టుకుంటుంటే దగ్గు తన్నుకొచ్చిందాయనకి.
రెండడుగులు దూరం జరిగి
గోడవైపు తిరిగి, మోచేతిలోకి దగ్గాడు.

తలుపు దగ్గర ఆగి,
"ఆ పోయిన చెప్పు, కుడిదా ఎడమదా?" అన్నాడు.
కుడిది.
ఎడమది ఇంట్లోనే ఉంది,
పారెయ్య బుద్ధి కాలేదు.