ఘాయ్‌పాత్

కొండల్‌వాడి సడక్ మీద మూడో మోరీ దాటినంక
కట్ట పొడుగూత కూసున్న ముండ్ల మంద.
కలబంద అనుకున్న.
పొయ్యి కాడ కాలిన చెయ్యికి ఇంత గుజ్జు రాద్దామని
ఒక మట్ట కోసి, పిండి, పూసిన.
మంట తగ్గలె, దురద లేశింది.
రాత్రంత మోచెయ్యి దాక గోక్కుంట కూసున్న.

తెల్లారి శేవంతాబాయి నవ్వింది,
పండ్లు లేని దిక్కు నుంచి.
"పేరడగకుంటనే సుట్టరికం కలుపుతరా ముత్తెన్నా?
ఘాయ్ అంటే మీ గాయమే. పాత్ అంటే ఆకు.
పేరుల్నే ఉన్నది గదా!"

కలబందను ఇరిస్తె చీమిడి కారుతది.
దీన్ని ఇరిస్తె ఇరగదు,
నార పట్టుకొని ఏలాడ్తది, బాకీ ఉన్నోని లెక్క.
అది ఏటేటా పూస్తది. ఇది ఒక్కపారే.
ఇంకో గుర్తు, ఇగో ఇటు సూడు, అనుకుంట
ఒక మట్ట వీపు నా దిక్కు తిప్పింది.
బూడిద రంగు మీద రంపం పండ్ల వరుస,
ఎవలో కొరికి ఇడిశినట్టు.
"మొవ్వుల ఉన్నప్పుడు పక్క ఆకు ఒత్తుకున్న అచ్చు.
ఇచ్చుకున్నంక అదొక దిక్కు, ఇదొక దిక్కు.
అచ్చు పోదు."

పిలకలు తెచ్చి పెసరుచేను గట్టుకు నాటిన.
బిందె ఎత్తబోతె ఆపింది:
"లాడ్ చేస్తె కుళ్తది. రాళ్లల్ల పెట్టు, మరిశిపో."
మరిశిపోయిన.
నాలుగేండ్లకు అడివి పందులు నా గట్టు కాడ ఆగి
పక్కచేన్లకు మళ్లుడు మొదలైంది.
పక్కచేను మారుతి నాతోని మాట బందు వెట్టిండు.

నైలాన్ ముకుతాడు కోసి సర్జా ముక్కుల పుండైతె
పోళాకు నెల ముందు ఆమె ఇంటికి పోయిన.
వణుకుకుంట కప్పు అందిచ్చింది.
మా గల్లీల ఎవ్వలూ తాగని చాయ్.
తాగిన.
"ఈ చేతులతోని అయ్యేటిది కాదు. నువ్వే పేను."

మంజీర పాయల పన్నెండు దినాలు మట్టలు నానేశిన.
ఆ వాసనకు మా ఇంటామె వేరే అర్రల పండుకున్నది.
బండకేసి కొట్టిన, జాడిచ్చిన, మళ్ల కొట్టిన.
పచ్చటి కంపంత పోయి
తెల్లటి వెంట్రుకలు చేతుల మిగిలినయి.
వాటిని ఎండల ఆరేస్తె
మా కోడి దాన్ని చూసి గుడ్డు పెట్టేందుకు కూసున్నది.

ఆమె మనుమడు సైకిల్ చక్రం తిప్పిండు.
నేను నార అందిచ్చుకుంట ఎనకకు నడిశిన.
తాడు పేనెటోడు ముందుకు పోడు.
సూపు ముందట, అడుగు ఎనక.
యాభై ఏండ్లొచ్చినా నాకు గీ సంగతి తెల్వదు.

పోళా నాడు తోరణం కింద
సర్జా ఒక్కపారి తల ఇసిరితె
నా తాడు పటుక్కున తెగింది.
ఎద్దు కిరాణ దుకాన్ల జొచ్చి
పుట్నాల బస్తాల మూతి వెట్టింది.
సర్పంచ్ నవ్విండు, పోరగాండ్లు నవ్విండ్రు,
మారుతి గూడ నవ్విండు, నా మొఖం సూసి మరీ.
శేవంతాబాయి నవ్వలె.
తెగిన కొస రెండేళ్ల నడుమ నలిపి సూసింది.
"పురి కమ్మి. తొందర ఎక్కువ."

ఈ ఎండకాలం మోరీ కాడి పెద్ద మొద్దు
కరెంటు స్తంభమంత కాడ లేపింది.
టవర్ వడ్తున్నదని మోటర్ మెకానిక్ పరాశికాలు.
పైన పూలు. అడుగున మట్టలు
ఒక్కొక్కటి ఒరుగుతున్నయి, రంగు దిగి.
పూలు రాలిన తావుల, కొమ్మ మీదనే,
వేళ్లతోని సహా బొటనవేలంత పిల్లలు.
రుమాలు పరిశి ఏరుకొచ్చిన.
మారుతి గట్టుకు నలభై, నాకు ఏడు.

ఇప్పుడు రెండో తాడు.
చక్రం తిరుగుతున్నది, నార జారుతున్నది,
నేను ఎనకకు పోతున్న.
ఎనక ఏమున్నదో నాకు కనవడదు.
మంచం మీదికెళ్లి ఆమె చెప్తున్నది,
"జపూన్... రాయి.
ఆఁ, దాటినవ్. ఇగ నడు."