లోజేబు

రూయిల, హమ్రియా గల్లీల
నా దుకాణం అద్దానికి మస్తు మంది వస్తరు.
దుకాణంలకు గాదు, అద్దానికి.
బస్సు కోసం నిలవడ్డోళ్లు తల దువ్వుకుంటరు,
పంటి సందుల ఇరికిన సోంపు తీసుకుంటరు.
ఒగడైతే బొమ్మకు తొడిగిన కోటును
మోచెయ్యి దాక చూసి,
తన మొఖం కనవడంగనే
కోటు మర్చి మీసం సవరించుకుంటడు.

ఒకనాడు పొద్దుగూకేదాక లెక్కవెట్టిన.
అరవై నాలుగు మొఖాలు.
గిరాకి ఒక్క జిప్పు.
గది గూడ పక్క చాయ్ హోటల్ శాజీది, ఉద్దెర.

మిషన్ కింద పాదం ఊకున్నా
కిరాయి ఊకోదు.
బట్ట మీద గీత గీసే సబ్బుముక్క తీసుకొని
అద్దం మీద రాసిన:
"గుండీ ఊడకుంట కుట్టుడెట్ల?
నాలుగు పోట్లు వొడిచినంక
గుండీ మెడకు దారం ఆరు చుట్లు చుట్టుర్రి.
గంతే. పైసలొద్దు."
కింద హిందీల గూడ రాసిన.
నా ఒత్తులు చూసి బిహార్ పిలగాడు
కడుపు పట్టుకొని నవ్విండు.
నవ్వనీ. నిలవడ్డడు గదా.

అర్బాబ్ సలీం వచ్చి, చదివించుకొని,
"నువ్వే నేర్పినంక
నీ దగ్గరికి గుండీ ఎవడు తెస్తడు, లింబాద్రీ?" అన్నడు.
నేనేమనలే.
గుండీ కుట్ట నేర్చినోనికే గదా తెలిసేది
కాలర్ తిప్పుడు తనకు రాదని.

తెల్లారి ఇంకోటి.
"కొత్త నూలుబట్ట రాత్రంత ఉప్పునీళ్లల్ల నానవెట్టుర్రి."
ఆ తెల్లారి,
"ఆడపిల్ల గౌనుకు లోపట రెండేళ్ల మడత దాచుర్రి."
రెండు వేళ్లా, రెండు ఏండ్లా అని ఒగాయన అడిగిండు.
రెండూ అన్న.
నవ్వి, బస్సెక్కిండు.

మూడు నెలలు చదివిండ్రు.
తమ మొఖం మీదికెళ్లి నా అచ్చరాలు చదివిండ్రు,
తలకాయ ఊపిండ్రు, పోయిండ్రు.
నీడా ఫుకట్, సదువూ ఫుకట్.
ఎండకు అద్దం ముట్టుకుంటే వేళ్లు కాలుతున్నయి.

ఒకనాడు ఏం తోచక
సల్వార్ నడుం పట్టీల లోజేబు ఎట్ల కుట్టాల్నో రాసిన,
మూత ఎటు తిప్పితే చెయ్యికి దొరకదో అది గూడ.

శుక్రవారం మాపటీలి తలుపు గంట మోగింది.
నేనే ఉలిక్కివడ్డ.
ఓబుళమ్మ, రాయచోటి పక్క పల్లె,
బౌషర్ల ఒక ఇంట్ల వంట.
"నెలనాళ్లుగా సదువుతాండానన్నా.
ఉప్పునీళ్లల్లో నానబెడితి, రంగు పోలే.
గుండీ కుట్టుకుంటి, ఊడలే.
ఈ జేబు మాత్రం నా చేతికి రాలే.
చెప్పినయి రెండు నిజమైనాయి గదా,
మూడోది నువ్వే కుట్టు."

టేపు ఆమె చేతికిచ్చి
గోడదిక్కు తిరిగిన.
ఆమె అంకెలు చెప్పింది, నేను రాసుకున్న.
అండ్ల ఏం పట్టాలె అన్న.
"సిమ్ము, మడిచిన నోట్లు, ఒక కాగితం."
ఏం కాగితమో నేనడగలే.
ఒక రియాల్ అంటే బేరమాడకుంట ఇచ్చింది,
చెయ్యి చెమటకు నోటు తడిసున్నది.

మళ్ల శుక్రవారం ముగ్గురు.
ఆ పై శుక్రవారం తొమ్మిది,
అండ్ల ఒక లంక ఆమెకు
తెలుగుల "జేబు" ఒక్కటే వచ్చు.
దుకాణం తెరిచినకాడికెళ్లి
ఇంత గిరాకి నేను చూడలే.

ఆనాడే చూసిన.
రోడ్డవతల బండి ఆపి ఒక డ్రైవరు, మా దిక్కోడే,
అద్దాన్ని ఫోన్ల ఫోటో కొడుతుండు.
పెండ్లానికి పంపిండో,
బండెనక కూసున్న మేడంకే చదివి చెప్పిండో,
నాకు తెల్వదు.
దాచుకునే జాగను
నడి బజార్ల రాసినోన్ని నేను.

తడిగుడ్డ తెచ్చి,
అన్నం వెట్టిన ఆ నాలుగు వరుసలు
నేనే తుడిచిన.
నడిచేదాన్నే తుడుస్తవా అని సలీం నెత్తి కొట్టుకున్నడు.

గిప్పుడు ఆ జాగల రాసున్నది,
"జిప్పు పట్టేస్తే పెన్సిల్ రుద్దుర్రి."
ఎవడో పిలగాడు అది చదువుకుంట
తల దువ్వుకుంటుండు.

ఆడోళ్లు మాత్రం చదువుతలేరు.
అద్దం కాడ నిలవడ్తనే లేరు.
తిన్నగ వచ్చి
తలుపు తీస్తుండ్రు.