రెండు వైపులా సింహమే

అందరి చేతి గడియారాలూ సెల్‌ఫోన్లలో దూరిపోయాక
కావలి ట్రంకు రోడ్డు మీద
నా కంటి అద్దానికి పని లేకుండా పోయింది.
అప్పట్నుంచి నాణేలు చూస్తున్నాను.

ఎక్కువగా వచ్చేవి ఆశలే.
ట్రాక్టరు బొమ్మున్న అయిదు రూపాయల నోటు తెచ్చి
లక్షలిస్తారంట గదన్నా అంటారు.
టీ తాపించి పంపుతాను.
ఒకడు ఆకురాయితో అంచు కొరికి తెచ్చాడు.
టంకశాలలోనే తెగిన బిళ్ళకైతే
సరిగ్గా ఎదురంచు కూడా కాస్త నీరసపడుతుంది.
ఆకురాయికి ఆ సంగతి తెలియదు.

అచ్చు పక్కకు జరిగితే
తదియ చందమామంత ఖాళీ మిగులుతుంది.
ఖాళీ పెద్దదయ్యే కొద్దీ ధర పెరుగుతుంది,
కానీ సంవత్సరం కనబడాలి.
పుట్టిన ఏడు చెప్పలేని తప్పుకు
బేరం సగానికి పడిపోతుంది.

మొన్న శుక్రవారం నమాజు నుంచి వచ్చేసరికి
తుమ్మలపెంట పోలమ్మ మెట్టు మీద కూర్చోనుంది.
చెంగు ముడి పళ్ళతో విప్పింది.
పాతకాలం పెద్ద రూపాయి.
ఒక వైపు మూడు సింహాలు.
తిప్పితే అవే సింహాలు,
లోపలికి నొక్కుకుపోయి, అద్దంలోలాగా తిరగబడి.
ఒకటి అంకె లేదు, వరి కంకి లేదు, ఏడాది లేదు.

నలభై ఏళ్ళు ఆవగింజంత మరలు పట్టిన చెయ్యి,
వణికింది.

"రేటు తర్వాత చెబుదువులే అబ్బయా.
ఇది దొంగదా కాదా, ముందది చెప్పు."

ఎండుచేపలు కొని ఎవరో ఇచ్చారంట వాళ్ళమ్మకు.
బియ్యం కొట్టాయన దీన్ని తిప్పీ తిప్పీ చూసి
రూపాయని యాడ రాసుందే దీని మీద
అని బజారంతా వినేట్టు అరిచాడంట.
సంచిలో పోసిన బియ్యం
మళ్ళీ డబ్బాలోకి వంచుకున్నాడంట.
కండక్టరు కూడా దించేశాడు.
తల్లీ కూతురూ సముద్రం దాకా నడిచారు.
"మా అమ్మ మళ్ళా ఆ బజారు తొక్కలా."

తూచాను. ఎనిమిది గ్రాములకు పిసరు తక్కువ,
చెంగులో అరిగినంత.
ముందు కొట్టిన రూపాయి జారిపోకుండా
అచ్చునే కరుచుకుని ఉండిపోతే
వెనక వచ్చిన బిళ్ళకు తన బొరుసు దొరకదు తల్లీ,
ముందుదాని ముఖమే గుంటగా దిగుతుంది.
ఏ ఊరి టంకశాలో నేను చెప్పలేను,
నక్షత్రం ఉండాల్సిన చోట కూడా సింహమే.
రూపాయి మాత్రం రూపాయే.
తప్పు మిషనుది.

ధర చెప్పాను. ఉన్న ధరే చెప్పాను.
విన్నది, పక్కన పెట్టింది.
"ఆ ముందు మాట కాగితం మీద రాసియ్యి."

ఎవరికి చూపిస్తావమ్మా,
ఆయన పోయి ఇరవై ఏళ్ళు,
బియ్యం కొట్టిప్పుడు రీఛార్జి షాపు.
"నువ్వు రాయి."

వాచీ రిపేరు రసీదు పుస్తకమే తెరిచాను.
వస్తువు: పాత రూపాయి ఒకటి.
లోపం: ఉంది.
దొంగది కాదు.
షేక్ దస్తగిరి, కావలి.
తేదీ కూడా వేశాను.

రెండుసార్లు చదివించుకుంది.
కాగితంలోనే బిళ్ళను చుట్టి ముడేసింది.
వద్దంటున్నా వినకుండా
నా బల్ల మీద పది రూపాయల బిళ్ళ పెట్టింది.

అలవాటు.
తీసి, అటూ ఇటూ తిప్పి చూశాను,
ఆమె ఇంకా మెట్టు దిగకముందే.