నలుసు

పందొమ్మిదేళ్ళు పాల ట్యాంకర్ నడిపాను
స్మిత్‌టన్ నుంచి బర్నీ దాకా, రాత్రిళ్ళు.
నాకు తెలిసిన టాస్మేనియా అంటే
హెడ్‌లైట్లు తాకినంత మేర రోడ్డు,
ఆ రోడ్డు మీద ఎవరో గుద్ది వదిలేసిన వాలబీ.

ఆగేదాన్ని.
ఆగొద్దని కంపెనీ రూలు.
హజార్డ్ లైట్లు టిక్కుటిక్కుమంటుంటే
తారు మీద మోకాళ్ళేసి
ఇంకా వెచ్చదనం పోని సంచిలోకి చెయ్యి పెట్టేదాన్ని.
ఖాళీ అయితే తోక పట్టి పక్కకి లాగి
వీపు మీద గులాబీరంగు స్ప్రేతో ఓ ఇంటూ గుర్తు:
చూశాం, లోపల ఎవరూ లేరు, మీరు ఆగక్కర్లేదు.
వెనక వచ్చేవాళ్ళకి
నేను రాసిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క గుర్తే.

లోపల ఎవరైనా ఉంటే మాత్రం లాగకూడదు.
చనుమొన గొంతుదాకా దిగి ఉంటుంది,
లాగితే మూతి చీలిపోతుంది.
తల్లి చనుమొననే కత్తిరించి, దాంతోపాటే పిల్లని
ఊలు టోపీలో చుట్టి, చొక్కా లోపల దోపుకుని
మిగతా దారంతా గతుకులు తప్పించి నడపాలి.
వినియార్డ్ బంకులో మెర్విన్ నేర్పాడిది,
డీజిల్ చేతులతో, టీ తాగుతూ.

యాభై రెండో ఏట
హోబార్ట్‌లో, శాండీ బే ఏటవాలు మీద,
లెక్చర్ హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నాను.
బళ్ళో సైన్సు వదిలేసి టైపింగ్ తీసుకున్నదాన్ని.
ఆమ్లమంటే నాకు బ్యాటరీలో పోసే నీళ్ళు.
మొదటి కెమిస్ట్రీ పరీక్షలో వందకి ఇరవై మూడు.
పేపరు మడిచి డాష్‌బోర్డులో పెట్టాను.
ఎత్తు మీద బండి మొరాయిస్తే గేరు తగ్గించాలిగా,
ల్యాబులో నా జోడీ టెగన్‌ని అడిగి
వాళ్ళ తమ్ముడి తొమ్మిదో తరగతి పుస్తకం తెచ్చుకున్నాను.
మార్జిన్లలో వాడు గీసిన డ్రాగన్ల పక్కన
అణుభారాలు కూడుకున్నాను.

ఎలుకని కోసిన రోజు
టెగన్ కత్తెర పట్టుకుని నిలబడిపోయింది.
నా చేతులు వణకలేదు.
ఎలుకకి సంచి ఉండదని నాకూ తెలుసు,
అయినా వేళ్ళు వాటంతటవే పొట్ట కిందికి వెళ్ళి
వెతికాయి.
టెగన్ చూసింది. ఏమీ అడగలేదు.

తర్వాతి గురువారం డాక్టర్ హేవుడ్
తెర మీద వాలబీ బొమ్మ వేసింది.
ఒకే తల్లికి, ఒకే వేళ, రెండు రకాల పాలట.
చిక్కుడుగింజంత కూనకి ఒక చనుమొనలో పల్చగా,
గెంతుతూ వెళ్ళి ఆకలేస్తే తల దూర్చే పెద్దదానికి
పక్క చనుమొనలో చిక్కగా.
ట్రిప్పుకి ముప్పై వేల లీటర్లు మోశాను నేను,
అన్నీ ఒకటే రకం.
నవ్వొచ్చింది.

"ఇంకొకటుంది," అంది డాక్టర్.
కడుపులో నలుసు.
వంద కణాలైనా ఉండవు.
పడింది, పెరగడం ఆపేసింది,
సంచిలో చోటు ఖాళీ అయ్యేదాకా అక్కడే ఉంటుంది.
చెయ్యెత్తాను.
"ఎన్నాళ్ళు?"
"నెలలు," అంది. స్లైడు మార్చింది.

అందరూ రాసుకుంటున్నారు.
నా ముందు రోడ్డు పరుచుకుంది,
బర్నీ దాకా, వరసగా
నా గులాబీరంగు గుర్తులు.
లోపల ఎవరూ లేరు.
లోపల ఎవరూ లేరు.

తెలిసినా చెయ్యగలిగింది లేదు.
తల్లి వెచ్చదనం పోతే నలుసూ పోతుంది,
ఏ ఊలు టోపీలోనూ పట్టదు.
ఆ ముక్క డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నాను,
హాలు ఖాళీ అయ్యాక.

శనివారం ఇంటికెళ్తుంటే ఎలిజబెత్ టౌన్ దాటాక
తెల్లగీత మీద ఒకటి.
ఆగాను. చూశాను. సంచి ఖాళీ.
సీటు కింద పాత స్ప్రే డబ్బా, ఊపితే ఇంకా గలగలమంది.
ఇంటూ కొట్టాను.
కాసేపు నిలబడి
దాని పక్కన ఓ చుక్క పెట్టాను.

వెనక వచ్చేవాళ్ళు
రంగు చిందిందనుకుంటారు.
సోమవారం నాకు కెమిస్ట్రీ, మళ్ళీ.