ఖాళీ మావు

ఖోన్ కేన్ ఆసుపత్రి, నాలుగో అంతస్తు.
కాగితం మీద ఉన్నది బ్యాంకాక్ భాష.
దాన్ని ఈసాన్ యాసలోకి దించి చెప్పడం నా ఉద్యోగం.
ఎదురుగా తోంగ్‌సాయ్ తాత.
కనుగుడ్లు పసుపుకొమ్ములు,
గీరి గీరి మోచేతుల దాకా ఎర్రటి చారలు.

"కామెర్లొస్తే లోకమంతా పచ్చగా కనబడుతుందంటారే, అబద్ధం.
నాకన్నీ మామూలుగానే ఉన్నాయి.
నన్ను చూసేవాళ్ల మొహాలే మారిపోయాయి."

మొదలుపెట్టాను:
నోట్లోంచి గొట్టం వెళ్తుంది, దాని కొసన ఒక దీపం, ఒక కన్ను.
కడుపు దాటాక పేగు మలుపులో
కందిగింజంత గుబ్బ, పైత్యరసం దిగే వాకిలి.
అందులోంచి పైకి ఒక తీగ.
మందునీళ్లు వదిలి ఎక్స్‌రేలో చూస్తే
నాళం ఎక్కడ సన్నబడిందో తెలుస్తుంది.
అక్కడ బుల్లి బ్రష్‌తో రుద్ది, అంటినదాన్ని పరీక్షకు పంపి,
దారి మూసుకోకుండా ప్లాస్టిక్ గొట్టం ఒకటి వదిలి వస్తారు.

తర్వాతి పేరా దగ్గర
నా గొంతే సన్నబడుతుంది, ఎప్పుడూ.
క్లోమం తలుపూ అదే గుమ్మంలో ఉంది తాతా.
దానికి కోపమొస్తే వాపు.
వందలో అయిదుగురికో, ఏడుగురికో.
చాలామందికి నాలుగు రోజుల నొప్పి, పస్తు, సెలైను.
ఏ ఒక్కరికో,
అక్కడ కామా ఉంది, నేను ఊపిరి పీల్చుకుంటాను.
నెత్తురు పోవచ్చు. పేగుకు చిల్లు పడొచ్చు.
నిలవ పైత్యం చెడి చలిజ్వరం రావచ్చు.

తాత చీ నది ఒడ్డున వెదురు మావులు అల్లుతాడు.
తీగ చూపించమన్నాడు.
ఈనె పదును చూసినట్టు రెండు వేళ్ల మధ్య వంచాడు.
"మావు గొంతులో దూరిన చేప వెనక్కి రాలేదు.
మీ తీగ వస్తుందా?"
వస్తుంది, అన్నాను.
"ప్రతిసారీ?"
గుమ్మంలోంచి డాక్టర్ విపాదా అంది:
"ప్రతిసారీ అని ఎవరైనా అంటే లేచి వెళ్లిపో."

ఇంకొకటి మిగిలింది.
బ్రష్‌లో ఏమీ దొరక్కపోతే ఏమీ లేదని కాదు.
అప్పుడు నవ్వాడు, ఉన్న మూడు పళ్లతో.
"ఖాళీ మావు చూసి
ఏట్లో చేపల్లేవంటారటమ్మా ఎవరైనా?"
వేలిముద్ర వేశాడు.

సీసపు కోటు మోస్తూ తెర చూశాను.
ఆకులు రాలిన చెట్టు,
మొదట్లో ఎవరో దారం బిగించి లాగినట్టు.
రెండుసార్లు తీగ పక్క తలుపు తట్టింది.
డాక్టర్ చెయ్యి ఆగింది.
గదిలో ఎవరూ దగ్గలేదు.
మూడోసారి,
తారులాంటి పైత్యం, కొద్దికొద్దిగా.

రాత్రంతా గంటకోసారి పొట్ట తడిమాను.
మూడింటికి మూలిగాడు. నొప్పా?
"ఆకలి."
సీసా ల్యాబుకు వెళ్లింది. తొమ్మిది రోజులు పడుతుందట.

ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.
పోయిన నెల మా అక్క గృహప్రవేశంలో
పచ్చిచేప తరుగు, కారం, చీమగుడ్లు,
రెండుసార్లు పెట్టించుకున్నాను.
నిమ్మకాయ పిండితే పురుగు చస్తుందని మా అమ్మ అనేది.
చావదు.
వార్డు గోడమీది పోస్టరులో ఆ మాటే ఉంది.
అంటించింది నేనే.