ఎవరి తాలూకు

బస్సు దిగగానే ఆటో ఆదాం అడిగాడు:
"బీచికాండి, మడ అడవికాండి?"
కాటాలు బాగుచెయ్యడానికి వచ్చానన్నాను.
అయినా తీసుకెళ్ళి మెయిన్ రోడ్డులో
అద్దాల హోటలు ముందే ఆపాడు.
అలవాటు పాపం, అతనిదీ, ఆటోదీ.

కౌంటరు మీద ప్లాస్టిక్ తామరలు.
గోడకి సరుగుడు తోటల వెనక సూర్యోదయం, ఫ్రేము కట్టి.
గది చూశాను. కిటికీ తెరిస్తే ఇంకో కిటికీ.
మంచం మీద తువ్వాలుని హంసలా మడిచిపెట్టారు.
ఆ హంసని విప్పి మొహం తుడుచుకునే ధైర్యం లేక
పెట్టె పట్టుకుని కిందికొచ్చేశాను.

కొత్త ఊళ్ళో ఎక్కడుండాలో
ముందు ముక్కునడగాలి, తర్వాత చెవిని.
కళ్ళనడిగితే మళ్ళీ హోటలుకే చేరుస్తాయి.

ఉప్పుటేరు వంతెన దాటాం.
జగన్నాథపురం వైపు గాలి మారింది:
డీజిలు, తడి వల, తాళ్ళ మీద ఎండుతున్న సావళ్ళు.
బడ్డీ దగ్గర టీ అడిగాను.
ధర చెప్పలేదు. "ఎవరి తాలూకండీ?" అంది బడ్డీ ఆవిడ.
ఎవరి తాలూకూ కాదన్నాను.
"అదేవిటండీ! ఎవరో ఒకరి తాలూకు అవ్వాలి గదండీ" అని
గ్లాసు కడగడం ఆపేసి
నా గురించి కాసేపు దిగులుపడింది.

ఇక్కడే ఉందామనుకున్నాను.

ఐసు ఫ్యాక్టరీ వెనక, నూకరత్నం గారి మేడగది.
మేడంటే మేడ కాదు, రేకు.
అడ్వాన్సు వద్దంది గానీ రెండు షరతులు పెట్టింది:
తెల్లవారుజామున మూడింటికి ఐసు ఆడే చప్పుడుకి విసుక్కోకూడదు,
కొళాయి దగ్గర ఎవరి బిందె ముందున్నా
జరపకూడదు.

మూడు వారాలు.
పగలు హార్బరులో తుప్పు తిన్న బోల్టులు,
ఉప్పునీళ్ళు తాగి పిచ్చి అంకెలు చెప్పే కాటాలు.
రాత్రి రేకు మీద పిల్లుల పంచాయితీ.
మూడింటికి ఐసు దిమ్మ మిషన్లో పడి కరకరా నలిగేది.
మొదటివారం ఆ చప్పుడుకి మెలకువొచ్చేది.
తర్వాత, కరెంటు పోయి అది ఆగితే వచ్చేది.
ఎవరో కొత్తాయన నన్ను చూపించి అడిగితే
బడ్డీ ఆవిడ తల తిప్పకుండానే
"నూకరత్నం తాలూకండి" అంది.
ఆ పూట ఇంకో టీ తాగాను, అక్కర్లేకపోయినా.

రేపు వెళ్ళిపోతాననగా నూకరత్నం అడిగింది:
"అద్దాల హోటల్లో గది చూశారంట గదా,
ఎలాగుంటాదండి?"
చెప్పాను. హంస తువ్వాలు, కిటికీకి ఎదురు కిటికీ.
"తలుపు కొడతారాండి?"
కొట్టరు. లేపొద్దని బయట బోర్డు తగిలించుకోవచ్చు.

చేపల గంప అంచు సర్దుతూ చాలాసేపు కూచుంది.
"ఒక్క రాత్రండి.
బోటొచ్చిందా, పెద్దదాని కాన్పెప్పుడు, చీటీ డబ్బులేవి,
ఇయ్యేవీ ఎవరూ అడగని చోట
తలుపేసేసుకుని
మజ్జాన్నం దాకా పడుకోవాలనుంటాదండి."

ఏమనాలో తోచక
ఆవిడ కాటా తెమ్మన్నాను, పనిలో పనిగా చూస్తానని.
కేజీ రాయి పెడితే
తొమ్మిది వందల యాభై చూపించింది.
"తేడా ఎటుందండి?"
కొనేవాళ్ళ వైపు.
"తెల్సండి" అంది. "ఉండనియ్యండి.
వాడకం వాళ్ళు, అలవాటు పడిపోయేరు."

పొద్దున్న ఆదామే వచ్చాడు.
వంతెన దాటాక అద్దాల హోటలు ముందు
ఒక్క నిమిషం ఆపమన్నాను.
ఒక రాత్రికి ఎంతో కనుక్కున్నాను.
ఐసు చప్పుడు వినపడని గది ఉందా అని కూడా అడిగాను.

కౌంటరు కుర్రాడు తలెత్తి
"ఏ ఐసండీ?" అన్నాడు.