ఒక అంగుళం గడి

కావలి ట్రంకు రోడ్డు పక్క సందులో
పదిహేడేళ్లుగా నా మిషను టకటక.
గోడకు మేకు, మేకుకు సుతిలి తాడు,
తాడుకు వేలాడే పాత పేపరు ముక్కలు:
ముప్పై రెండు, ముప్పై నాలుగు, ముప్పై ఆరు.
వాటి మీద ఎన్నటివో రొయ్యల ధరలు,
ఎవరిదో పెద్దకర్మ ఫొటో.
వాటన్నిటి మీదుగా నా నీలం చాక్‌పీసు గీత,
చంక దగ్గర తిరిగే వంపు.

ఆ వంపు ఎవరూ నేర్పలేదు.
ఎందరి జాకెట్లో చెడగొట్టి,
తిట్లు తిని, గుడ్డ కొనిచ్చి తెచ్చుకున్నా.

"అక్కా, దీన్ని అమ్మొచ్చు" అన్నాడు జిరాక్సు కరిముల్లా.
"కాయితాన్నా?"
"కాయితం కూడా కాదు. కాయితం బొమ్మని."
నవ్వొచ్చింది.
గుడ్డ లేదు, దారం లేదు, హుక్కు కూడా లేదు,
ఏం చూసి కొంటారబ్బా జనం?

మొదట ఫోనుతో ఫొటో తీశా.
ఫ్యాను నీడ పడింది, నా కాలి బొటనవేలు పడింది,
నడుము వంకర పోయింది.
"ఇట్టా కాదు" అని వాడు కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.
కత్తెర ఆడే ఈ చేతికి మౌసు ఆడలేదు.
వంపు గీస్తే కొడవలి వచ్చింది,
మళ్లీ గీస్తే గుమ్మడికాయ.
పదకొండు రాత్రులు, షాపు మూసే వేళ,
షట్టరు సగం దించి.

"ధర ఎంత పెడదాం?"
"నువ్వే చెప్పు."
"ఎన్నాళ్లు పట్టింది నీకు?"
"పదిహేడేళ్లు."
"అట్టయితే ఎవరూ కొనలేరు. నలభై తొమ్మిది పెడదాం."

నెలంతా ఎవరూ రాలేదు.
ఒకరోజు చీరకు ఫాల్సు కుడతా ఉంటే ఫోను టింగుమంది.
వాళ్ల కమీషను పోను నలభై ఆరు రూపాయల చిల్లర.
పార్వతీపురంలో ఎవరో.
మేకు వైపు చూశా.
ముప్పై నాలుగు అక్కడే వేలాడతా ఉంది.
అమ్మాను. పోలేదు.
ఇదేం బేరమో అర్థం కాక
ఆ పూట రెండుసార్లు సూది గుచ్చుకున్నా.

మూడోనాడు మెసేజి:
"చెయ్యి ఎక్కడం లేదమ్మా. చంక పట్టేసింది. పట్టుగుడ్డ."

నా వంపు తప్పా?
కోపంతో నేనే ప్రింటు తీసి, కోసి, కుట్టి వేసుకున్నా.
నిజమే, పట్టేసింది.
టేపు పెడితే తెలిసింది:
కాయితంలో ఇమడాలని
బొమ్మను కాస్త నలిపింది ప్రింటరు.
కావాలని కాదు. దాని అలవాటు అది.
పావంగుళం.
పావంగుళంలోనే కదా ఊపిరాడేదీ ఆడనిదీ.

ఆమె నలభై తొమ్మిదీ తిరిగిచ్చా,
పట్టుగుడ్డకు నాలుగొందలూ పంపించా.
"వ్యాపారం ఇట్టా చేస్తారా!" అని కరిముల్లా నెత్తి కొట్టుకున్నాడు.

ఆ రాత్రే మొదటి పేజీ మూలన
ఒక గడి గీశా. నిలువు అంగుళం, అడ్డం అంగుళం.
కింద రాశా:
"ముందు దీన్ని కొలవండి.
అంగుళం రాకపోతే కత్తెర ముట్టుకోవద్ధు."
ఒత్తు ఎక్కువ పడింది. చూసుకోలేదు.

ఉదయగిరిలో ఒకరు కొన్నారు, ఆదోనిలో ఇద్దరు,
దుబాయిలో వంటపని చేసే కడప మనిషి ఒకామె.
అంతలో టైలర్ల గ్రూపులో
నా కాయితమే నాకు వచ్చింది, ఊరకే.
"అందరికీ పంపండి" అని పైన ఎవరో.
అదే గడి, అదే తప్పు ఒత్తు.
ఒళ్లు మండింది. ఫోను విసిరేసేదాన్నే.
కింద ఎవరో అడిగి ఉన్నారు: "ఈ డబ్బా ఎందుకు?"
ఇంకెవరో జవాబు:
"ఎందుకో తెలీదు. కొలవమంటోంది ఆమె. కొలువు."

నిన్న పార్వతీపురం నుంచి ఫొటో.
చిలకపచ్చ జాకెట్టు. మొహం లేదు.
రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడి ఉంది,
ఎక్కడా ముడత లేదని చూపించడానికి.
దాని కింద ఒక ప్రశ్న:
"మా అత్తకు నలభై ఆరు. ఉందా?"

లేదు. నలభై ఆరు ఏ మేకుకూ లేదు.
అంత ఒళ్లున్నవాళ్లకు ఎప్పుడూ
గుడ్డ మీదే అందాజుగా గీస్తాం.

తెల్లారి కరిముల్లా షట్టరు ఎత్తక ముందే పోయి
మెట్టు మీద కూర్చున్నా,
ఒళ్లో పాత పేపరు, చెవి వెనక చాక్‌పీసు.